ఇద్దరు పోవాల్సిన చోటు

కుర్చీ తీసుకుపోయారు. అడిగే తీసుకుపోయారు, ఆ మర్యాదకు లోటు లేదు. మెడలో ఈల, చంకలో అట్ట పెట్టుకున్న సినిమా మనిషి ఒకడు వచ్చి, "బాబాయ్, ఏమీ అనుకోకండి, ఈ కుర్చీ సీన్లోకి కావాలండి. మీరు కాస్త అలా జరిగితే ఫ్రేము ఖాళీ అవుద్ది" అన్నాడు. బాలనర్సయ్య లేచాడు. వసారాలోంచి హాల్లోకి, హాల్లోంచి మెట్ల కిందికి జరిగాడు. నూట నలభై మంది హమాలీల యూనియన్‌కు సెక్రటరీ అయినవాడికి కాంట్రాక్టరు పట్టాభిరామయ్య ఇంట్లో చివరికి దక్కింది చెప్పుల గూడు పక్కన ఒక మనిషి నిలబడేంత జాగా. గోడ గడియారంలో పదకొండూ అయిదు. వచ్చింది పదిన్నరకు. పొద్దున ఇరానీ హోటలుకు ఫోను చేసి పిలిపించి, "సారు మీకోసమే ఉంటారు, ఒప్పందంలో ఏడోదాని సంగతి ఇవాళ తేల్చేద్దామంటున్నారు, మీరొక్కరే రండి" అన్నాడు మేనేజరు సుబ్రహ్మణ్యం. మీరొక్కరే రండి. ఎంత మెత్తగా అన్నాడు ఆ మాటను. ఇరవై ఆరు రోజుల సమ్మెలో ఆ మనిషి గొంతు అంత మెత్తగా ఎప్పుడూ లేదు. లేదని అప్పుడే తోచింది. తోచినా కాళ్ళు కదిలాయి. కాళ్ళకేం తెలుసు, అవి పిలిచిన వైపు పోతాయి. తల కదా ఆగమనాల్సింది.

హాలు నిండా తీగలు, తీగల చివర లైట్లు, లైట్ల వెనక చెమటలు కక్కుతున్న మనుషులు. పట్టాభిరామయ్య ఈ ఇల్లు షూటింగులకు కిరాయికిస్తాడని గూడ్సు షెడ్డులో అందరికీ తెలుసు. ఆయన ఇల్లు ఏ సినిమాలో జమీందారు ఇల్లయిందో, ఏ సినిమాలో డాక్టరు ఇల్లయిందో చూసొచ్చి చెప్పుకునే కుర్రాళ్ళున్నారు. ఇవాళ ఎవరి ఇల్లో మరి. బల్ల ముందు ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు, ఒక నటి వంకాయ కూర వడ్డిస్తోంది, వడ్డిస్తూ "ఇంకొంచెం వేసుకోండి, మీరేం తిన్నారని" అంటోంది. అంటే, దర్శకుడు కాదన్నాడు. మళ్ళీ అంది, మళ్ళీ కాదన్నాడు. ఆరుసార్లయింది. కూర ఆరుసార్లు విస్తట్లో పడి ఆరుసార్లు గిన్నెలోకి పోయింది. మీరేం తిన్నారని. బాలనర్సయ్య పొద్దున ఒక సమోసా తిని సగం చాయ తాగాడు. భూలక్ష్మి ఉంటే రొట్టె కొట్టి పెట్టేది, ఉల్లిగడ్డ కోసి పెట్టేది. భూలక్ష్మి ఎప్పుడూ తినమని చెప్పదు, ముందు పెట్టి అవతలికి పోయి గిన్నెలు తోముకుంటుంది, ఆ గిన్నెల చప్పుడే తినమని చెప్పడం. సమ్మె పన్నెండో రోజున పిల్లలిద్దర్నీ తీసుకుని ఆలేరు తమ్ముడింటికి పోయింది. కొట్లాడి పోలేదు. కొట్లాడి పోయినా బాగుండేది, పోయి కాళ్ళు పట్టుకుని తెచ్చుకునేవాడు. "నీకు నూట నలభై మంది ఉన్నరు, మేం ముగ్గురం తక్కువైతే నీకు తెల్వది" అంది, మూట కట్టుకుంటూ, లెక్క చెప్పినట్టు. తెలియదనుకుంది. మోతీనగర్ గదిలో తలుపు తీస్తే ముందు వచ్చేది నిశ్శబ్దం కాదు, సున్నం వాసన. ఇంట్లో మనుషులున్నన్నాళ్ళూ ఆ గోడలకు వాసన ఉందని అతనికి తెలియదు.

రైలు పనే గానీ హమాలీలు రైల్వే వాళ్ళు కారు. ఇది బయటివాళ్ళకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. ఎర్రగడ్డ అవతల గూడ్సు షెడ్డులో వ్యాగన్లు నిలబడతాయి, సిమెంటు వస్తుంది, గోధుమలు వస్తాయి, ఎరువు వస్తుంది. దాన్ని దింపేవాడు పుట్టినప్పటి నుంచీ పట్టాల మీదే బతికినా రైల్వే వాడు కాడు, కాంట్రాక్టరు మనిషి. మూడేళ్ళకొకసారి కొత్త ఒప్పందం రాసుకోవాలి. ఈసారి ఏడు అంశాలు పెట్టుకున్నారు. ఆరు అంశాలు పది రోజుల్లో తేలిపోయాయి: రేటు, తాగేనీళ్ళ తొట్టి, ఎరువు మూటలు మోసేటప్పుడు నెత్తికి గుడ్డ, రాత్రి వ్యాగన్‌కు వేరే లెక్క, దెబ్బ తగిలితే దవాఖాన, ఇంకోటి ఏదో. ఏడోది ఒక్కటీ బండరాయిలా కూర్చుంది. యాభై దాటినవాళ్ళను కొత్త ఒప్పందంలోంచి తీసేస్తామంటాడు పట్టాభిరామయ్య. పందొమ్మిది పేర్లు టైపు కొట్టించి పట్టుకొచ్చాడు. మోయలేనివాళ్ళను మొయ్యమనట్లేదు మేము, అంది యూనియన్, చిరిగిన బస్తాలు కుట్టనియ్యండి, వ్యాగన్ ఊడవనియ్యండి, తలుపులు మూయనియ్యండి, మనుషులనైతే తియ్యొద్దు. అక్కడ ఆగింది. పదహారు రోజులుగా అక్కడే ఆగి ఉంది. పిలుస్తారు, కూర్చుంటారు, ఆరూ చదువుతారు, ఏడోదాని దగ్గర సుబ్రహ్మణ్యం పెన్ను మూసి జేబులో పెట్టుకుంటాడు, అందరూ లేస్తారు. అంతే. మాట్లాడటం ఆగిందని ఎవరూ అనరు, మాట్లాడుతూనే ఉన్నామంటారు.

ఆ పందొమ్మిది పేర్లు ఎక్కడివి. హమాలీకి పుట్టిన తేదీ ఎక్కడుంటుంది, ఏ బడిలో రాసి ఉంటుంది. బాలనర్సయ్య కళ్ళు మూసుకుంటే మాఘమాసం నాటి ఆ మధ్యాహ్నం వస్తుంది. వద్దన్నా వస్తుంది. సమ్మె లేదు, గొడవ లేదు, వ్యాగన్లు రాని రోజు. సుబ్రహ్మణ్యం గుర్తింపు కార్డులు ఇస్తామంటూ పుస్తకం తెచ్చుకుని టార్పాలిన్ కింద కూర్చున్నాడు. వయసెంత అంటే ఒక్కడూ చెప్పలేకపోయాడు. నలభయ్యో అరవయ్యో మీరే రాసుకోండి సారూ అన్నారు. అప్పుడు ఆ మనిషి నవ్వి, అందరికీ చాయ తెప్పించి, "పోనీ, రజాకార్ల గొడవ ఎవరికి జ్ఞాపకం ఉందో చెప్పండి, నేను కోస్తా వాణ్ణి, నాకు తెలీదు, చెప్తే వింటాను" అన్నాడు. ఇంకేం, పోటీ పడ్డారు. ముసలాళ్ళకు చెప్పమనేవాడు దొరికాడు. ఇంట్లో కోడళ్ళు వినరు, షెడ్డులో కుర్రాళ్ళు వినరు, ఇదిగో పెన్ను పట్టుకున్నవాడు వింటున్నాడు. ఒకడు గడ్డివాములో దాక్కున్నానన్నాడు. ఒకడు తల్లి చంకలో ఉన్నానంటే, చంకలో ఉన్నోనికి యాదెట్ల ఉంటదిరా అని పక్కవాడు ఎగతాళి చేశాడు, వాడు రోషపడి, చంకల లేను, నడిచిన, ఏడేండ్లు నాకు అన్నాడు. అందరికన్నా పెంటయ్య తాత గొప్పగా చెప్పాడు. "నేను గొడ్లు కాస్తున్న. మిలిట్రీ లారీలు వచ్చినయి. ఒక సిపాయి దిగి నాకు బిస్కీటిచ్చిండు. నేను తినలే, మా బర్రెకు పెట్టిన, అదన్న చస్తదా బతుకుతదా చూద్దామని" అన్నాడు. టార్పాలిన్ ఎగిరిపోయేలా నవ్వారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది బాలనర్సయ్య. "ఇంకోటి చెప్పు తాతా, సారుకు దొర సంగతి చెప్పు" అని ఎగదోసింది కూడా బాలనర్సయ్యే. సుబ్రహ్మణ్యం తల వంచుకుని రాసుకుంటున్నాడు. కథ రాసుకుంటున్నాడనుకున్నారు. వయసు రాసుకున్నాడు, ఆ గొడవ జ్ఞాపకం ఉన్నవాడికి యాభై దాటినట్టే లెక్క. ఎవడికి ఎంత బాగా జ్ఞాపకం ఉంటే వాడు అంత ముసలివాడు. పందొమ్మిది మందీ తమ నోటితో తామే జాబితాలోకి ఎక్కారు, యూనియన్ సెక్రటరీ పక్కన కూర్చుని చప్పట్లు కొట్టాడు.

ఆ పెంటయ్య లేకపోతే ఈ బాలనర్సయ్య లేడు. పదహారేళ్ళప్పుడు రైలు దిగి షెడ్డు దగ్గర నిలబడితే ఒళ్ళు చూసి నవ్వినవాళ్ళే అందరూ. బస్తా బలంతో మొయ్యరు, ఊపిరితో మోస్తారు, ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టు, నడిచేటప్పుడు వదులు అని పెంటయ్య వీపు మీద చెయ్యేసి నేర్పాడు. నూరు కిలోల గోధుమ బస్తాను ఎవడూ తన వీపు మీదికి తాను ఎత్తుకోలేడు. ఇద్దరు ఎత్తాలి, మూడోవాడు వంగాలి. ఎంత బలవంతుడైనా అంతే, భీముడైనా అంతే. ఆ షెడ్డులో చదువు అదొక్కటే. అక్కడి నుంచే యూనియన్ రూలు కూడా వచ్చింది: యజమాని దగ్గరికి ఎవడూ ఒక్కడే పోకూడదు. జోడీ ఉండాలి. జోడీ దొరక్కపోతే ఆ రోజు పోకూడదు. ఆ రూలు ఎవరు పెట్టారు. బాలనర్సయ్య పెట్టాడు. చేతులెత్తించి, పుస్తకంలో రాయించి, కింద నూట నలభై వేలిముద్రలు వేయించి మరీ పెట్టాడు.

ఎందుకు పెట్టాడో అది తలచుకోవాలని లేదు. కానీ మెట్ల కింద నిలబడ్డవాడు ఏం తలచుకోవాలో వాడి చేతిలో ఉండదు. నటి మళ్ళీ కూర వడ్డిస్తోంది, ఏడోసారి, ఆమె గాజులు గలగలమంటే గాజులు తీసేయమన్నారు, తీసేసి వచ్చింది, తీసేస్తే చేతులు బోసిగా ఉన్నాయని మళ్ళీ వేసుకోమన్నారు. వీరరాఘవయ్య గారు. ఆరేళ్ళ కిందటి సంగతి. రైల్వేలో గుమాస్తాగా రిటైరైన మనిషి, ఏలూరు వైపు ఆయన, హమాలీలకు అర్జీలు రాసిపెడుతూ రాసిపెడుతూ సెక్రటరీ అయ్యాడు. ఒక సాయంత్రం ఈ ఇంటికే, ఒక్కడే వచ్చి పోయాడు. వ్యాగన్ కిందపడి కాలు పోయినవాడి సంగతి మాట్లాడి వచ్చానన్నాడు. రేపు తేలుతుందన్నాడు. తేలలేదు. మీటింగులో బాలనర్సయ్య లేచి నిలబడ్డాడు, అప్పుడు ముప్పై అయిదేళ్ళు, ఛాతీ ఇంత, గొంతు అంత. "కాఫీ ఎట్లుండె పంతులూ, చక్కెర సరిపోయిందా" అన్నాడు. అంతే అన్నాడు. ఇంకేమీ అనక్కర్లేకపోయింది, నవ్వు లేచింది, ఆ నవ్వులో ముసలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను తాగలేదు నాయనా, ఇవ్వలేదు కూడా" అన్నాడు. ఆ మాట విన్నది బాలనర్సయ్య ఒక్కడే, ముందు వరసలో ఉన్నాడు గనక. విన్నవాడు వినిపించుకోలేదు. సెక్రటరీ పదవి బాలనర్సయ్యకు వదిలేసి పోయాక మోతీనగర్ కూరగాయల బజారులో రెండు మూడుసార్లు ఆయన ఎదురుపడ్డాడు, సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని రోడ్డు అటువైపు దాటిపోయాడు. ఆయన ఏమీ తీసుకోలేదేమో. ఈ హాల్లోనే ఎక్కడో గంటసేపు కూర్చుని, ఎవరూ మాట్లాడకపోతే, అలా లేచి వచ్చాడేమో. ఏమీ జరగలేదని చెప్పడానికి ఎంత సాక్ష్యం కావాలి. ఏదైనా జరిగితే సాక్ష్యం దొరుకుతుంది. ఏమీ జరగనిదానికి జోడీ ఒక్కడే సాక్ష్యం.

ఇక్కడికి వచ్చేసరికి మనసు గుట్టెక్కిన ఎద్దులా నిలబడిపోయింది. ముందుకు పోనంటుంది. ఎందుకంటే ముందుకు పోతే భిక్షం ఉన్నాడు. భిక్షం జోడీ. అయిదేళ్ళుగా ప్రతి చర్చకూ ఇద్దరే పోయారు, లేబరాఫీసుకు, రైల్వే ఆఫీసుకు, ఈ గుట్ట మీదికి. ఇవాళ పొద్దున ఫోను పెట్టేశాక బాలనర్సయ్య తనకు తాను ఒక మాట చెప్పుకున్నాడు: వేళ లేదు, భిక్షం ఎక్కడున్నాడో, వెతికితే ఆలస్యమవుతుంది. అబద్ధం. ఇరానీ హోటలు గల్లాపెట్టె దగ్గర నిలబడితే షెడ్డు కనబడుతుంది. భిక్షం కనబడ్డాడు. పట్టాల పక్క రాళ్ళ మీద కూర్చుని, పెంటయ్యకు బీడీ వెలిగించి ఇస్తున్నాడు. నూరడుగులు. ఒక్క కేక వేస్తే లేచి వచ్చేవాడు, చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేవాడు. కేక వెయ్యలేదు. వెయ్యకుండా వెనక గల్లీలోంచి మోతీనగర్ మీదుగా నడిచాడు, రహమత్‌నగర్ గుట్టెక్కి దిగాడు, యూసుఫ్‌గూడ దాటాడు, బస్సెక్కితే తెలిసినవాళ్ళుంటారని నడిచాడు. దొంగ కూడా అంత జాగ్రత్తగా నడవడు. ఎందుకు. డబ్బు మీద ఆశ లేదు, నిజంగా లేదు, అదైనా ఉంటే మనిషికి అర్థమయ్యే కారణం అయ్యేది. ఒక్కడే పోయి ఒక్కడే తేవాలని. సాయంత్రం షెడ్డులోకి నడిచి వచ్చి, ఏడోది అయిపోయింది పండుకోన్రి అని అనాలని. అప్పుడు పెంటయ్య మొహం చూడాలని. మాఘమాసంలో కొట్టిన చప్పట్లు ఆ ఒక్క మాటతో చెరిగిపోతాయని. ఆలేరుకు ఉత్తరం రాయించాలని, నీ మొగుడు ఒక్కడే తెచ్చిండు అని. పక్కన ఇంకొకడుంటే సగం వాడిది అవుతుంది కదా. అదీ సంగతి. ఇరవై ఆరు రోజుల ఆకలితో మనిషి ఇంత చిన్నవాడవుతాడని అతనికి తెలియదు. ఆకలి కూడా కాదేమో, ఆ గదిలోని సున్నం వాసనేమో. ఒంటరిగా పడుకునేవాడు ఒంటరిగానే గెలవాలనుకుంటాడు.

చెక్‌పోస్టు దాటి ఎక్కుతుంటే ఒక తెల్ల కారు ఎదురుగా దిగుతూ పోయింది, దుమ్ము లేపింది, అతను మొహం తిప్పుకుని తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. అటూ ఇటూ పగలగొట్టిన బండలు, బండల మధ్య గోడలు, గోడల మీద కాగితప్పూలు. ఇంత పెద్ద పెద్ద ఇళ్ళల్లో మనుషులు ఎక్కడుంటారో, రోడ్డు మీద ఒక్కడు లేడు. అడ్రసు అడగడానికి కూడా లేడు. అతనికి అడ్రసు తెలుసు గనక సరిపోయింది.

"జర కాలు దియ్యి, ఊడుస్త."

చీపురు పట్టుకుని ఒక ముసలామె. బొట్టు పెద్దది, గొంతు అంతకన్నా పెద్దది, షూటింగువాళ్ళ కోసం తగ్గించుకుని మాట్లాడుతోంది. పేరు బుచ్చమ్మ అని వసారాలో ఉన్నప్పుడే విన్నాడు. అతను కాలు తీశాడు.

"నువ్వు షూటింగోనివా? హమాలీ ఏశమా?"

"ఏశం కాదమ్మా. హమాలీనే."

"అవునా. మస్తు కుదిరింది." ఆమె చెప్పుల గూడు కింద చీపురు పెట్టి లాగింది. "మాది షేక్‌పేట. ఈ గుట్ట మీద మా అయ్య మేకలు కాసెటోడు. ఇగో, ఈ వంటింటి కాడనే ఒక పెద్ద బండ ఉండె, దాని మీద పండుకునెటోన్ని అని చెప్పెటోడు. ఇప్పుడు నేను అదే జాగ ఊడుస్తున్న. ఎవలికోసం నిలబడ్డవు?"

"పట్టాభిరామయ్య సారు కోసం. లోపట ఉన్నడంట గద."

"ఎవలన్నరు? సారు లేడు. పదిగొట్టంగనే పోయిండు, ఆ మేనేజరు సారు గుడ పోయిండు, తెల్లకారుల. ఎర్రగడ్డ దిక్కు ఏదో షెడ్డట, ఆడ మాట్లాడెటిదుందట. పగటీలి బువ్వకు గుడ రానన్నడు." ఆమె నడుం పట్టుకుని లేచింది. "నువ్వొస్తవని ముందే చెప్పిండు. ఒకడొస్తడు, కూసుండవెట్టు, పోతనంటే పోనియ్యకు, సారు స్నానం చేస్తుండని చెప్పు అన్నడు. ఈ లొల్లిల నేను మర్శేపోయిన."

సారు స్నానం చేస్తుండు. బాలనర్సయ్యకు నవ్వు రావాల్సింది. ఇరవై ఆరు రోజుల్లో మొదటిసారి అంతా ఎదురుగా, పగటి వెలుగులో పెట్టినట్టు కనబడింది. పిలిచింది మాట్లాడటానికి కాదు. కుర్చీ వేసింది కూర్చోడానికి కాదు, కూర్చున్నాడని చెప్పడానికి. ఇక్కడ మెట్ల కింద తనుంటే అక్కడ షెడ్డులో పట్టాభిరామయ్య ఉన్నాడు. ఏం చెబుతున్నాడో వినక్కర్లేదు, తనే అయితే ఏం చెబుతాడో అదే చెబుతున్నాడు: మీ సెక్రటరీ నా ఇంట్లో ఉన్నాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. యజమాని అబద్ధమాడితే కొట్లాడవచ్చు, నిజం చెబితే దేనితో కొట్లాడాలి.

"అమ్మా, ఫోనుందా?"

"ఉంది గద, వంటింటి గోడకు. చేసుకో, సారు లేనప్పుడు నేనే దొరసానిని." బుచ్చమ్మ దారి చూపింది. హాల్లో నటి ఎనిమిదోసారి గరిటె పట్టుకుంది.

ఇరానీ హోటలు నంబరు నోటికి వచ్చు. ఇరవై ఆరు రోజులుగా అదే యూనియన్ ఆఫీసు. భిక్షంను పిలవమన్నాడు. గల్లా మీది మనిషి రిసీవరు బల్ల మీద పడేసి కేకవేశాడు. దూరంగా కప్పులు, దూరంగా రైలింజను కూత, ఇంకా దూరంగా చాలామంది గొంతులు కలిసి ఒక్కటే అయిన చప్పుడు. ఆ చప్పుడు అతనికి తెలుసు. అది తన ఇల్లు. ఇల్లంటే అదే, గది కాదు. భిక్షం రొప్పుకుంటూ వచ్చాడు.

"అన్నా, యాడున్నవే. పొద్దట్నుంచి దేవులాడుతున్నం. పట్టాభిరామయ్య ఈడికే వచ్చిండు. కుర్చేయించుకోని కూసున్నడు. మీ సెక్రటరీ మా ఇంట్ల ఉన్నడు, ఏడోదానికి ఒప్పుకున్నడు, మీరింక ఎండల ఎందుకు మాడుతున్నరు అంటున్నడు."

"మీరేమన్నరు?"

"ఏమంటం, అబద్ధమన్నం. పెంటయ్య తాతయితే కర్ర వట్టుకోని మీదికే పోయిండు. మా నర్సిగాడు జోడీ లేకుంట గడప తొక్కడు, ఆ రూలు వెట్టిందే వాడు, నోరు మంచిగుంచుకో అన్నడు. నువ్వు రైల్వే ఆఫీసుకు పోయినవని నేనే చెప్పిన, నోటికొచ్చింది చెప్పిన. నమ్మకుంటే ఇద్దరు నా కారెక్కున్రి, తీస్కపోయి చూపిస్త అంటున్నడాయన. ఇద్దరు తయారైన్రు గుడ. యాడున్నవ్?"

బాలనర్సయ్య గోడకు చెయ్యి ఆనించాడు.

"ఆన్నే ఉన్న."

"యాడ?"

"ఆయన ఇంట్ల. ఒక్కన్నే వచ్చిన. నువ్వు కనవడ్డవు, పిలువలే."

అటువైపు కప్పుల చప్పుడు.

"ఒప్పుకున్నవా?" అన్నాడు భిక్షం. 'అన్నా' అని పిలవలేదు.

"ఎవలన్న ఉంటే గద ఒప్పుకుంటానికి. గంట నుంచి సినిమా చూస్తున్న."

"అయితే ఎల్లు. ఆళ్ళు కారెక్కి ఆడికి వచ్చేటాల్లకు అద్దగంట వడ్తది. ఎనక గోడ దుంకి పో. యూసుఫ్‌గూడ దిక్కునుంచి రైల్వే ఆఫీసుకు పో, ఆడ కూసో. నువ్వు రాలేదనే నేను చెప్త. నువ్వుగుడ గదే చెప్పు. ఇంగెవ్వలికి తెల్వది."

తెలియదు. నిజమే. బుచ్చమ్మ ఎవరికీ చెప్పదు, చెప్పినా సినిమావాడనే అంటుంది. గోడ నడుమెత్తు కూడా లేదు. అరగంటలో ఈ ఇంట్లో తను ఉండడు, పట్టాభిరామయ్య అందరి ముందూ అబద్ధాలకోరు అవుతాడు, సమ్మె ఇంకో నెల నిలబడుతుంది. ఎంత తేలిక. భిక్షం ఆ అబద్ధాన్ని బతికినన్నాళ్ళూ మోస్తాడు, ఒక్కడే మోస్తాడు, ఎత్తడానికి ఎవరూ ఉండరు. పట్టాభిరామయ్యకు మాత్రం తెలుసు కదా. కూర్చోబెట్టినవాడికి తెలియదా. ఈసారి కాకపోతే ఇంకోసారి, రేపు కాకపోతే మూడేళ్ళకు, ఆ నాటి మాట బయట పెట్టమంటావా బాలనర్సయ్యా అని మెత్తగా అంటాడు, అప్పుడు ఏడోది కాదు, ఒకటోది కూడా ఇచ్చేయాల్సి వస్తుంది. నేను తాగలేదు నాయనా. ఆ ముసలాయన గొంతు ఎంత చిన్నగా ఉండేది, పైకి లేపితే ఎవరికైనా వినబడేదేమో. లేపనియ్యలేదు గదా.

"భిక్షం, ఇను. పట్టాభిరామయ్యను ఆన్నే ఆపు. పెన్ను పుస్తకం తీయించు. నన్ను సెక్రటరీలకెంచి తీసెయ్యిన్రి."

"ఏం మాట్లాడుతున్నవే."

"ఇప్పుడే. ఆయన ముంగటనే. జోడీ లేకుంట పోయిండు, రూలు తప్పిండు, తీసేసినం అని రాయున్రి. నేనేమన్న ఒప్పుకున్నా, సంతకం పెట్టినా యూనియన్‌కు సంబంధం లేదని రాయున్రి. సెక్రటరీ ఆయన ఇంట్లుంటే నష్టం. బాలనర్సయ్య అనే హమాలీ ఒకడు ఆయన ఇంట్ల చెప్పుల కాడ నిలబడితే ఎవనికేంది?"

"పెంటయ్య తాతకు ఏం చెప్పాలె?"

బాలనర్సయ్య తువ్వాలు భుజం మీద సర్దుకున్నాడు.

"ఉన్నది చెప్పు" అన్నాడు.

రిసీవరు బల్ల మీద పడ్డ చప్పుడు. గల్లా మీది మనిషి ఎవడితోనో ఉస్మానియా బిస్కెట్ల గురించి మాట్లాడుతున్నాడు. ఇంజను ఇంకోసారి కూసింది. దూరపు గొంతుల చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది, కుండ కింద పెట్టినట్టు ఆగింది, అంటే భిక్షం చెప్పాడన్నమాట. ఇప్పుడు పెంటయ్య మొహం ఎలా ఉంటుంది. చూడాలనుకున్న మొహం అదే, చూడాలనుకున్నది ఇలా కాదు. కర్ర కింద పెట్టాడా, చేతిలోనే ఉందా. ఒక గొంతు లేచింది, ఎవరిదో తెలియలేదు, తిడుతోంది, తిట్టు తెలుస్తోంది. మరో గొంతు. మళ్ళీ ఏమీ లేదు. ఇరవై అయిదేళ్ళు ఆ గుంపులో ఉన్నాడు, గుంపు ఆలోచించేటప్పుడు బయట నిలబడి వినడం ఇదే మొదలు. లోపలున్నవాడికి గుంపు వెచ్చగా ఉంటుంది. బయటివాడికి అది ఒక పెద్ద గోడ, ఎటు నుంచి తట్టినా ఒకేలా ఉంటుంది. వంటింటి కిటికీలోంచి ఎండ పడుతోంది, ఎండలో బుచ్చమ్మ ఉల్లిగడ్డలు ఆరబోస్తోంది, ఆమె నీడ తప్ప ఈ ఇంట్లో అతన్ని ఎరిగిన నీడ లేదు.

పాదాల చప్పుడు. రిసీవరు పైకి లేచింది.

"అయింది" అన్నాడు భిక్షం.

"ఎంతమంది లేపిన్రు చేతులు?"

"అందరు."

"తాత?"

"లేపిండు. కొసకు లేపిండు."

అడగకూడదని తెలుసు. "నువ్వు?"

"నేనే ముందుగాల లేపిన." వాడి గొంతులో చెమ్మ ఉంది, దాన్ని వాడు దాచుకోవడం లేదు. "పట్టాభిరామయ్య కుర్చీలకెంచి లేశిండు. మీకు మతి ఉందా, మీ లీడర్నే మీరు తీసేస్తరా అన్నడు. మా ఇష్టమన్నం. ఏడోది రాయనిదే వ్యాగన్ తలుపు తెరిచేది లేదని చెప్పినం. మేనేజరును పక్కకు తీస్కపోయి చెవుల ఏదో అంటున్నడు. కోపంల ఉన్నడు. మెత్తగయితే లేడు."

బాలనర్సయ్య తల ఊపాడు, ఫోనులో కనబడదని తెలిసి కూడా. ఏదో చెప్పాలి. నీళ్ళ తొట్టి మాట మరిచిపోవద్దని చెప్పాలా, పెన్ను మూయనియ్యకండని చెప్పాలా. చెప్పడానికి ఇప్పుడు అతనెవరు. ఇరవై అయిదేళ్ళలో ఎప్పుడూ అడగని మాట నోట్లోంచి వచ్చింది.

"మరి నేనేం చెయ్యాలె, భిక్షం?"

వాడి వెనక ఎవరో పిలుస్తున్నారు, భిక్షం రావాలె, సారు మాట్లాడతడట రావాలె అని.

"వస్తే రా" అన్నాడు. "ఎనక నిలబడు. మాట్లాడకు."

ఫోను పెట్టేశాడు.